కాగితం మూలన పేరు

ఆ బుధవారం నీవెస్ నవ్వకుండా ఉండాల్సింది. అంతకు మించి ఆమె చేసిన తప్పేమీ లేదు.

పొద్దున్నే రికార్దో కాగితాల కట్ట పట్టుకుని, ఆమె పనిచేసే కంప్యూటరు గదిలోకి వచ్చాడు. కుర్చీల ఫ్యాక్టరీకి అతను ఆర్నెల్ల కిందట అల్లుడయ్యాడు, మూణ్ణెల్ల కిందట డైరెక్టరయ్యాడు. మిలానులో పెద్ద చదువు చదివి వచ్చాడు కనక అందరూ ‘దొత్తోరే’ అని పిలవాలి. పిలవకపోతే వినపడనట్టు ఊరుకుంటాడు. అతని చేతిలో ఉన్నవి రోజూ ఆరున్నరకి యంత్రం తనంతట తానే అచ్చువేసే పని కాగితాలు. ఏ షెడ్డువాళ్లు ఎన్ని కాళ్లు కొయ్యాలి, ఎన్ని వీపులు వంచాలి, ఏ లారీకి ఏ కుర్చీలు ఎక్కాలి, అన్నీ వాటి మీదే ఉంటాయి. ప్రతి కాగితానికీ కుడివైపు పైమూల చిన్న అక్షరాల్లో ఒక పేరుంటుంది: కొమెల్లి.

“ప్రతి కాగితం మీదా ఈ మనిషి పేరెందుకు?” అని అడిగాడు.

పందొమ్మిదేళ్లుగా ఆ పేరు అక్కడే ఉంది. ఇంతవరకూ అడిగిన నాథుడు లేడు. అడిగాడు కదా పాపం అని నీవెస్ కుర్చీ వెనక్కి జరుపుకుని వివరంగా చెప్పింది. ఈ ఫ్యాక్టరీ ప్రోగ్రాములన్నీ ఎత్తోరె కొమెల్లి రాసినవే. ఏ వస్తువు ఎవరు తయారుచేస్తే దాన్ని వాళ్ల పేరున రాసుకోవడం ఈ యంత్రం అలవాటు. పొద్దున కాగితాలు అచ్చేసే పని కూడా ఆయన పేరునే మొదలవుతుంది. కావాలంటే మార్చుకోవచ్చు, ఎప్పుడూ అవసరం పడలేదు.

“అంటే ఫ్యాక్టరీ మొత్తం అతని పేరున ఉందా?”

“మెషీన్ లెక్క ప్రకారం అంతే దొత్తోరే. మీ మామగారికంటే పెద్ద ఆస్తిపరుడు” అని నవ్వింది.

అతను నవ్వలేదు. కాగితాలు అంచులు సరిచేసుకుని, కట్టని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పది గంటలకి కొమెల్లిని పైకి పిలిచారు. పదిన్నరకల్లా అతని గేటు కార్డు తీసేసుకున్నారు. గిడ్డంగి గుమాస్తా అతన్ని భుజం పక్కన నడిపించుకుంటూ గేటు దాకా తీసుకెళ్లి బయట వదిలాడు. సంస్థ ప్రోగ్రాములన్నిటినీ రహస్యంగా సొంత పేరు మీద పెట్టుకున్నాడట. రేపెప్పుడో యజమాని మెడ మీద కత్తి పెట్టడానికేనట. పనిలోంచి తీసేస్తూ ఇచ్చిన ఉత్తరంలో అలా రాశారు. అలాంటి కారణం మీద తీసేస్తే ముందస్తు నోటీసు కూడా ఇవ్వక్కర్లేదు. కొమెల్లికి పెన్షను ఇంకా పద్నాలుగు నెలల దూరంలో ఉంది. యాభై ఆరేళ్ల మనిషిని, అందులోనూ దొంగ అని ముద్రపడ్డవాణ్ని, ఈ లోయలో ఎవరు పనిలో పెట్టుకుంటారు? ఇక్కడ ప్రతి ఊళ్లోనూ కుర్చీల ఫ్యాక్టరీలే. ఒకచోట తుమ్మితే భోజనాల వేళకి ఇంకోచోట ‘చిరంజీవ’ అంటారు.

కంప్యూటరు గదిలో అతని కాఫీ కప్పు మిగిలింది, బల్ల కింద చెప్పులు మిగిలాయి. టేపుల బీరువా తలుపుకి అతను ఎప్పుడో అంటించిన కాగితం మిగిలింది. దాని మీద అతని చేతిరాతలో మూడు మాటలు. టేపు లోపల పెట్టకముందే పైన పేరు రాయి. అయిపోయాక చిట్టా చివరి వరుస దాకా చదువు. పాడైనదాన్ని బాగుచేసే ముందు, పాడైనదాన్నే ఒకసారి దాచు. నీవెస్‌కి అతను పని నేర్పింది ఈ మూడు మాటలతోనే. అంతకుముందు ఆమె పాలిష్ షెడ్డులో కుర్చీ కాళ్లకి ఇసక కాగితం రుద్దేది.

శనివారం పూర్తి బ్యాకప్ చెయ్యాల్సిన రోజు. ఆగస్టు సెలవులకి ఫ్యాక్టరీ మూతపడేముందు ఆఖరివారం లారీలు వరుసకట్టి ఉంటాయి కాబట్టి, ఆ వారం మొదలవకముందే యంత్రంలో ఉన్న సమస్తాన్నీ టేపుల మీదకి ఎక్కించడం ఏటా ఉన్నదే. రోజూ చేసే చిన్న బ్యాకప్ కాదు ఇది. అందరూ బయటికి పోవాలి. ఒక్క టెర్మినల్ తెరిచి ఉన్నా కుదరదు.

మధ్యాహ్నం సైరన్ మోగాక ఆమె ఇంకా లోపల ఎవరెవరున్నారో తెర మీద చూసింది. నలుగురున్నారు. ముగ్గురికి ఫోను చేసి చెప్పింది. నాలుగోది ప్యాకింగ్ షెడ్డుది, అక్కడ ఎవరూ ఎత్తలేదు. నడిచి వెళ్లింది. షెడ్డులో మనుషులు లేరు, జిగురు వాసన మాత్రం ఉంది. టెర్మినల్ మీద రంపపు పొట్టు వేలిమందాన పేరుకుని ఉంది. యాప్రాను కొసతో తుడిచి, దాన్ని మూసి, తిరిగొచ్చింది.

తిరిగొచ్చేసరికి గదిలో రికార్దో నిలబడి ఉన్నాడు. కొమెల్లి పేరు యంత్రంలోంచి తీసెయ్యమన్నాడు, ఇప్పుడే. ఇప్పుడు కుదరదని నీవెస్ చెప్పింది. ముందు ఆ పేరు మీద ఉన్నవన్నీ ఫ్యాక్టరీ పేరుకి మార్చాలి. బ్యాకప్ అయ్యాక, సోమవారం లారీలు కదిలాక, మంగళవారం కూచుని మారుస్తానంది. ఈసారి నవ్వకుండా, ఒక్కోమాటా విడమరచి చెప్పింది. “ఈలోగా ఆ పేరు జోలికి మాత్రం ఎవరూ పోకూడదు దొత్తోరే. దాని మీదే ఇల్లంతా నిలబడి ఉంది.”

“నువ్వూ అతని జట్టేనన్నమాట” అన్నాడతను. వెళ్లేటప్పుడు తలుపు వెయ్యలేదు.

ఆమె లేచి తలుపు వేసి పని మొదలుపెట్టింది. మూడు టేపులు తీసి, మీద చీటీలు అంటించి, పెన్సిలుతో తారీఖూ వరస నంబరూ రాసింది. బ్యాకప్ పట్టికలో ‘సమస్తం’ అన్న వరుస ఎంచుకుంది. కాసేపటికి ఫ్యాక్టరీలో ఉన్న అరవై టెర్మినళ్లూ ఒక్కొక్కటీ ఆరిపోయాయి. ఆమె ముందున్న కన్సోలు ఒక్కటే వెలుగుతోంది. ఇలాంటప్పుడు పక్కన కొమెల్లి ఉండేవాడు. మోర్టడెల్లా మాంసం పెట్టిన రొట్టె రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క ఆమె వైపు తోసేవాడు. ఇప్పుడు రొట్టె మొత్తం ఆమె ముందే ఉంది. తినబుద్ధి కాలేదు. టేపు లోపల తిరుగుతూ, ఆగుతూ, మళ్లీ తిరుగుతోంది. రెండోది పెట్టమని అడిగింది, పెట్టింది. మూడోది అడిగింది, పెట్టింది. నాలుగు గంటలు గడిచాక చిట్టా అచ్చయి వచ్చింది. వేలు పెట్టి వరసలన్నీ చదువుకుంటూ చివరికొచ్చింది. దాచలేనివి: సున్నా.

ఆదివారం చర్చి నుంచి వస్తూ సైకిలు మీద కొమెల్లి ఇంటికి వెళ్లింది. అతను పెరట్లో టమాటా మొక్కలకి కర్రలు కడుతున్నాడు. నీవెస్‌ని చూసి తాడు పళ్లతో కొరికి ముడి బిగించాడు.

“బ్యాకప్ అయిందా?”

“అయింది.”

“దాచలేనివి?”

“సున్నా.”

తల ఊపాడు. ఆమె నిలబడే బుధవారం సంగతంతా చెప్పేసింది, తను నవ్వింది కూడా. అతను ఇంకో మొక్కకి కర్ర పాతి, మట్టి కాలితో అదిమాడు. “ఉన్న నిజమే చెప్పావు కదా” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. కిటికీ వెనక అతని భార్య నిలబడి ఉంది. పందొమ్మిదేళ్లలో ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లినా కాఫీ తాగకుండా నీవెస్ తిరిగి వచ్చింది లేదు. ఆవేళ కాఫీ రాలేదు.

సోమవారం ఏడింటికి గేటు దగ్గర లారీలు బారులు తీరాయి. ఆరున్నరకి రావాల్సిన కాగితాలు రాలేదు. రంపాల దగ్గర మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నీవెస్ టెర్మినల్ తెరిచి ఆర్డర్లు చూడబోతే ఆర్డర్లు లేవు. ఆర్డర్ల ప్రోగ్రామూ లేదు. ఇంకేముందో అని వెతికితే సగానికి సగం అరలు ఊడ్చిపెట్టినట్టున్నాయి.

రికార్దో మెట్లు దిగుతూనే అరిచాడు. తను ముందే చెప్పాడట. ఆ దొంగ పోతూ పోతూ యంత్రంలో బాంబు పెట్టి పోయాడట. కరబినియేరి పోలీసులని పిలిపించి చేతులకి బేడీలు వేయిస్తాడట. డ్రైవర్లు, గుమాస్తాలు, రంపాలవాళ్లు అందరూ విన్నారు. రికార్దో మామగారు, పెద్దాయన బెపీ కూడా విన్నాడు. డెబ్బై ఏళ్ల కిందట తన తండ్రి ఒక్క రంపంతో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ అది. ఆయన గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

నీవెస్ యంత్రం తన దినచర్య రాసుకునే చిట్టా తెరిచింది. అందులో ఎవరు, ఏ టెర్మినల్ నుంచి, ఎన్నింటికి ఏం చేశారో ఉంటుంది. ఎక్కువ వెతకక్కర్లేకపోయింది. ఆ పొద్దున ఆరూ పన్నెండుకి, పై అంతస్తు డైరెక్టరు గది నుంచి, రికార్దో పేరున, కొమెల్లి పేరు తొలగించమని ఆజ్ఞ వచ్చింది. ఆ పేరు మీద వస్తువులుంటే యంత్రం ఒక పట్టాన వదలదు. అలాగే ఉంచాలా, ఇంకొకరికి ఇవ్వాలా, పారెయ్యాలా చెప్పమంటుంది. పారెయ్యమని చెప్పాడు. దొంగ తాలూకు చిత్తుకాగితాలేవో ఉంటాయనుకున్నాడు కాబోలు. వద్దని ఆమె శనివారమే మొత్తుకున్నదానికి ఇదీ ఫలితం.

ఆ ఒక్క పేజీ అచ్చు తీసింది. ప్రింటరు నుంచి కాగితం పూర్తిగా బయటికి రాకముందే రికార్దో లాక్కుని చదివాడు. మెడ ఎర్రబడింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

“ఇది నా దగ్గరుంటుంది” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, యంత్రాన్ని శనివారం ఎలా ఉందో అలా చెయ్యమన్నాడు. మొదటి నుంచీ, ఒక్కటి కూడా మిగల్చకుండా. పోయినవి మాత్రమే తిరిగి ఎక్కిస్తే రెండు గంటల్లో అయిపోతుందని ఆమె చెప్పింది. వద్దన్నాడు. మొత్తం తుడిచి మొత్తం ఎక్కించాలన్నాడు.

అప్పుడు అర్థమయింది నీవెస్‌కి. శనివారం బ్యాకప్ మొత్తం ఎక్కిస్తే యంత్రం శనివారంలోకి వెళ్లిపోతుంది. సోమవారం పొద్దున ఆరూ పన్నెండు అనేది దానికి ఉండదు. తను ఒక్క వస్తువు కూడా పోకుండా చేసిన బ్యాకప్పే కొమెల్లి నిర్దోషి అన్న సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. మిగిలేది ఊరంతా విన్న ఆ అరుపు ఒక్కటే. పద్నాలుగు నెలల్లో రావాల్సిన పెన్షను మాట దేవుడెరుగు, అతను జైలు మెట్లెక్కాల్సి వస్తుంది.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. తల మాత్రం బీరువా తలుపు వైపు తిప్పింది.

“ముందు ఇప్పుడున్నదాన్ని పూర్తిగా బ్యాకప్ తీసుకోవాలి దొత్తోరే. ఆ తర్వాతే ఎక్కించడం.”

“ఖాళీ కొంపని బ్యాకప్ తీస్తావా? ఎంతసేపు?”

సగం ఖాళీయే కాబట్టి రెండున్నర గంటలు పడుతుందంది. బయట లారీలు నిలబడి ఉంటే రెండున్నర గంటలేమిటని అతను బల్ల గుద్దాడు. శనివారం టేపుల్లో ఒక్కటి మొరాయించినా ఉన్న సగం కూడా పోతుందని ఆమె బెపీ వైపు చూసి చెప్పింది. అదీ నిజమే. మరమ్మతు కంపెనీవాడికి ఫోను చేసి స్పీకరు పెట్టారు. ఆవిడ చెప్పిందే పద్ధతి, అది లేకుండా ఎక్కిస్తే మాకు పూచీ లేదని వాడన్నాడు. బెపీ గోడ మీంచి చెయ్యి తీశాడు. “ఆమె చెప్పినట్టు కానీ” అన్నాడు.

నీవెస్ కొత్త టేపు తీసింది. లోపల పెట్టకముందే చీటీ మీద రాసింది: సోమవారం, పాడైనది. అరవై టెర్మినళ్లూ మళ్లీ ఆరిపోయాయి. రెండున్నర గంటలూ రికార్దో ఆమె వెనకే తిరిగాడు. అతనికి తెర మీద ఏం జరుగుతోందో తెలియదు. తెలియదన్న సంగతి అడిగి బయటపెట్టుకునే మనిషీ కాదు. చిట్టా వచ్చింది. దాచలేనివి: సున్నా. ఆ టేపుని ఆమె రొట్టె చుట్టి తెచ్చుకున్న తుండులో చుట్టి సంచి అడుగున పెట్టింది.

యంత్రం మళ్లీ ఒక రూపానికి వచ్చేసరికి మంగళవారం మధ్యాహ్నమయింది. శనివారం టేపుల్లోంచి అన్నిటికంటే ముందు ఎక్కేవి మనుషుల పేర్లు. కన్సోలు మీద ఒక్కొక్కటీ వచ్చి పోతుంటే వాటిలో కొమెల్లి కూడా వచ్చింది.

“వీడి పేరు లేకుండా కాదా?” అన్నాడు వెనకనుంచి రికార్దో.

“పేరు లేకపోతే సరుకు రాదు దొత్తోరే.”

బుధవారం పొద్దున ఆరున్నరకి కాగితాలు వచ్చాయి. పైమూల కొమెల్లి పేరు అలాగే ఉంది. లారీలు కదిలాయి. పదింటికి బెపీ తన గదికి పిలిచాడు. రికార్దో అక్కడే ఉన్నాడు. బల్ల మీద కరబినియేరికి ఇవ్వడానికి టైపు చేసిన ఫిర్యాదుంది. నీవెస్ కూడా సంతకం పెట్టాలి, సాక్షిగా. దొంగే దొంగా దొంగా అని అరవడం ఆమె విన్నదే కానీ, దానికి తనని తప్పెట కొట్టమనడం ఇదే మొదలు.

ఆమె సంచిలోంచి తుండు తీసి, విప్పి, టేపు ఆ ఫిర్యాదు పక్కన పెట్టింది.

“ఇది సోమవారం తీసింది, బెపీ గారూ. ఎవరు పారేశారో, ఎన్నింటికో, ఏ గదిలోంచో ఇందులో ఉంది. దొత్తోరే జేబులో ఉన్న కాగితంలోనూ అదే ఉంది.”

పెద్దాయన అల్లుడి వైపు చూశాడు. అల్లుడు కిటికీ వైపు చూశాడు. ఆయనకి అది చాలింది.

టేపుని అటూ ఇటూ తిప్పి చూసి, “దీన్ని చదవాలంటే మన మెషీనే ఉండాలా?” అని అడిగాడు.

“ఈ లోయలో కుర్చీలు చేసే ప్రతి ఫ్యాక్టరీలోనూ ఇదే మెషీన్ ఉంది.”

బెపీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. తర్వాత ఆయన చెప్పిందంతా యజమానిలా కాక కూతురి తండ్రిలా చెప్పాడు. ఫిర్యాదు ఉండదు. తీసేసిన ఉత్తరం వెనక్కి తీసుకుంటారు. పద్నాలుగు నెలలూ కొమెల్లి పేరు హాజరుపట్టీలో ఉంటుంది, జీతమూ వెళ్తుంది, పెన్షనూ వస్తుంది. కానీ అతను గేటు దాటి లోపలికి రాకూడదు. ఈ టేపు తన కళ్లముందే తుడిచెయ్యాలి. ఈ సంగతి ఈ గది దాటకూడదు. నీవెస్ ఇక కంప్యూటరు గదిలో ఉండడానికి వీల్లేదు కాబట్టి ప్యాకింగులోకి మారాలి.

“ఆయన దొంగ కాదని నలుగురిలో చెప్పండి” అంది నీవెస్. “నలుగురిలోనే కదా దొంగ అన్నది.”

“అదొక్కటీ అడక్కమ్మా” అన్నాడు బెపీ. ఆయన నిజంగానే బతిమాలుతున్నాడు.

ఆమె ఆ గదిలోంచే కొమెల్లికి ఫోను చేసింది. షరతులన్నీ వరసగా చెప్పింది. అవతల పెరట్లో కోళ్లు వినపడ్డాయి. “ఒప్పుకో” అన్నాడతను. తర్వాత, “పాడైనదాన్ని దాచావన్నమాట” అన్నాడు. ఫోను పెట్టేశాడు.

కాగితాల మీద సంతకాలయ్యాక ముగ్గురూ కిందికి దిగారు. నీవెస్ టేపు లోపల పెట్టి ఆజ్ఞ టైపు చేసింది. యంత్రం వెంటనే ఒప్పుకోలేదు. ఈ టేపు మీద సరుకుంది, నిజంగా తుడవమంటారా అని అడిగింది. ఆమె కుర్చీలోంచి లేచి పక్కకి జరిగింది.

“మీరే నొక్కండి దొత్తోరే. ఒక్క మీటే.”

రికార్దో మీటల వైపు చూశాడు. చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది, బల్ల అంచు దాకా వచ్చింది, అక్కడే ఆగింది. అతని మామగారు అతని చేతినే చూస్తున్నాడు. ఆ చెయ్యి మళ్లీ జేబులోకి వెళ్లిపోయింది.

“నువ్వే కానీ, నీవెస్” అన్నాడు బెపీ అలసటగా.

ఆమె నొక్కింది. ఒక మనిషి నిజాయితీకి, రికార్దో జేబులోని కాగితం కాక, లోకంలో మిగిలిన ఒకే ఒక్క రుజువు తుడుచుకుపోవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. టేపు బయటికి వచ్చాక చీటీ గోటితో గీకి తీసేసింది. బీరువా తలుపు మీద కాగితం మాత్రం ఊడదీయలేదు. కొమెల్లి చెప్పులు, కప్పు సంచిలో వేసుకుంది.

గురువారం పొద్దున ప్యాకింగ్ షెడ్డులో ఆమెకో బల్ల చూపించారు. కుర్చీ తలకిందులుగా పెట్టి నాలుగు కాళ్లకీ ఫెల్టు బిళ్లలు అంటించాలి. పదో కుర్చీకే బొటనవేలు జిగురుతో బిరుసెక్కింది. ఆరున్నర కాగితాలు వచ్చాయి. లోరెదానా అనే ఆవిడ అందరికీ పంచుతూ ఒకటి నీవెస్ ముందు పెట్టింది. ఇరవయ్యేళ్లుగా ఆ షెడ్డులోనే ఉన్న మనిషి, నోరు మంచిదే కానీ ఊరు ఏమంటే అదే అంటుంది. కాగితం పైమూల వేలు పెట్టి చూపించింది.

“ఆ దొంగని గెంటేశారు కదా, ఇంకా వాడి పేరొస్తుందేమే?”

చుట్టూ నలుగురు ఆడవాళ్లు తలలెత్తారు. నీవెస్ చేతిలో ఉన్న బిళ్ల కాలికి అంటించి, జిగురు పట్టేదాకా బొటనవేలితో అదిమి పట్టుకుంది. గది దాటకూడదని మాటిచ్చింది. ఆ మాట మీదే కొమెల్లి పద్నాలుగు నెలల జీతమూ, పెన్షనూ ఆధారపడి ఉన్నాయి.

“ప్రోగ్రాములు ఆయన రాసినవి. అందుకని వస్తుంది” అంది.

ఈసారి నవ్వలేదు. కుర్చీ తిప్పి నేల మీద నిలబెట్టి, కదలకుండా ఉందో లేదో చూసి, ఇంకోటి అందుకుంది.